నీళ్ళు దిగాక రండి

"ఆ 36 మందికీ పరిహారం ఎంత ఇచ్చారు నాయనా?"

మా నాన్న ఫోనులో వేసిన ఈ ప్రశ్నకు మావాడి దగ్గర జవాబు లేదు. మేముండే స్కాట్లండ్ ఊరు అబర్డీన్‌లో ఆదివారం పొద్దున, కర్నూలులో భోజనాలు అయిన వేళ. పదేళ్ళ మావాడు తాతకు సెయింట్ కిల్డా కథ చెబుతున్నాడు. స్కాట్లండ్‌కు పడమటగా అట్లాంటిక్ సముద్రంలో, అవుటర్ హెబ్రిడీస్ దీవులు కూడా దాటి ఇంకో 64 కిలోమీటర్లు పోతే వస్తుందది. చెట్టన్నది లేని చోటు. అక్కడివాళ్ళు కొండ అంచుల మీద నుంచి తాళ్ళతో దిగి సముద్రపు పక్షుల్ని పట్టేవారు. వాటి మాంసంతో, గుడ్లతో, నూనెతో తరతరాలు నెట్టుకొచ్చారు. పడుచువాళ్ళు వలసపోయి, జనం తగ్గి తగ్గి, చివరికి 36 మంది మిగిలారు. 1930 ఆగస్టు 29న వాళ్ళూ ఓడ ఎక్కేశారు. పోయే ముందు ఇంటింటా బైబిలు తెరిచి పెట్టి, పక్కన గుప్పెడు ఓట్స్ గింజలు పోసి, తలుపులకు తాళాలు వేసి మరీ పోయారట.

మావాడిని పట్టుకున్నది ఆ తాళం. ఇక ఎవరూ రాని ఊళ్ళో తాళం ఎందుకని. మా నాన్నకు మాత్రం తాళంలో వింతేమీ కనబడలేదు. ఆయనకు లెక్క కావాలి.

తాతా మనవళ్ళు ఇంతసేపు మాట్లాడుకోవడం మా ఇంట్లో కొత్త. అంతకుముందు వారం వారం జరిగే పలకరింపు ఎలా ఉండేదో, పరాయి దేశంలో పిల్లల్ని పెంచేవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. "తిన్నావా?" "తిన్నాను." "ఏమి తిన్నావు?" "అన్నం." "బాగా చదువుతున్నావా?" "ఊఁ." అంతే, ఫోను నా చేతికి వచ్చేది. రెండేళ్ళు తెలుగు బడికి తిప్పాను. అక్షరాలు వచ్చాయి, నాలుగు వేమన పద్యాలు వచ్చాయి. తాతతో చెప్పుకోవడానికి కబురు మాత్రం రాలేదు. ఆ కబురు దీవుల నుంచి వస్తుందని నేను అనుకోలేదు.

మా ఫ్రిజ్ తలుపు మీద వాడి జాబితా ఒకటి ఉంటుంది. ట్రిస్టన్ డ కున్హా, పిట్‌కెయిర్న్, ఫౌలా, ఫెయిర్ ఐల్, సెయింట్ కిల్డా. ఒక్కోదాని పక్కన ఎంత దూరం, ఎంత జనం, పడవ ఎక్కడ ఎక్కాలి. పెద్ద విమానం దిగే దీవి అని తెలిస్తే చాలు, నిర్దాక్షిణ్యంగా కొట్టేస్తాడు. మావారు సముద్రం మీది చమురు వేదికలో రెండు వారాలు, ఇంట్లో రెండు వారాలు. ఇంట్లో ఉన్న రోజుల్లో తెల్లవారుజామునే రేడియో పెట్టి, ఓడలవాళ్ళ కోసం చదివే వాతావరణ సూచన వింటారు. వైకింగ్, ఫార్టీస్, క్రోమార్టీ, ఫెయిర్ ఐల్ అంటూ సముద్రాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కలో గాలి సంగతి చెబుతారు. మావాడు దుప్పటిలోంచే సుప్రభాతంలాగా వెంట చదువుతాడు.

అక్కడ కర్నూలులో మా నాన్న పొద్దున్నే పేపరు తెరిచి మొట్టమొదట చూసేది శ్రీశైలం నీటిమట్టం. జలాశయం నిండితే 885 అడుగులు. ఇవాళ ఎంత ఉంది, నిన్నటికి ఎంత తగ్గింది అన్నది తేలాకే మిగతా లోకం. ఇద్దరూ చేస్తున్నది ఒకే పని అని నాకు చాలాకాలం తట్టలేదు.

మా ఊరు ఆ నీళ్ళ కిందే ఉంది. ఆనకట్ట వెనుక కృష్ణ, తుంగభద్ర నిలిచినప్పుడు సుమారు వంద ఊళ్ళు మునిగాయి. 1981లో ఖాళీ అయిన వాటిలో మాదొకటి. నేను పుట్టింది ఆ తర్వాత, కర్నూలులో. అందుకే నాకు ఆ ఊరు కథే తప్ప జ్ఞాపకం కాదు. చిన్నప్పుడు ఆ కథ విసుగ్గా కూడా ఉండేది, ఒప్పుకుంటాను. మావాడు మాత్రం చెవి కోసుకున్నాడు.

"సెయింట్ కిల్డావాళ్ళు తామే అర్జీ పెట్టుకుని వెళ్ళిపోయారు తాతా."

"పోతామని పెట్టారా! మేము పోమని పెట్టాం."

పరిహారం సంగతి వాడు వారం రోజులు వెతికాడు. గొర్రెల్ని అమ్మేశారని, మగవాళ్ళలో కొందరికి అడవుల శాఖలో పని ఇచ్చారని తేలింది. చెట్టే ఎరుగని వాళ్ళకు అడవి పని! మా నాన్న ఫోనులో పగలబడి నవ్వారు. నల్లరేగడి వదిలి వచ్చిన తన తమ్ముడికి సిమెంటు దుకాణంలో చిట్టా రాసే పని దొరికిన సంగతి అప్పుడే చెప్పారు. ఇన్నేళ్ళలో నాకూ చెప్పని సంగతి. 'ముంపు' అనే మాట వాడికి నేను నేర్పలేదు, అక్కడ పట్టాడు. ఇప్పుడు స్నానాల గదిలో నీళ్ళు పొంగినా "అమ్మా, ముంపు!" అని కేక.

అసలు మనుషులకు దూరపు దీవుల మీద ఇంత మోజు ఎందుకో నాకు పూర్తిగా అర్థం కాదు. మావాడిది మాత్రం కొంత అర్థమైంది. బడిలో "అసలు మీది ఏ దేశం?" అంటారు. కర్నూలు వెళ్తే "ఎప్పుడు వచ్చావు, మళ్ళీ ఎప్పుడు పోతావు?" అంటారు. పటంలో చుట్టూ నీలం తప్ప ఏమీ లేని చుక్క మీద ఈ ప్రశ్నలు ఉండవని వాడి ఆశ. ఒకరోజు బయటపడ్డాడు. "ట్రిస్టన్‌లో అయితే నన్ను ఎవరూ ఏమీ అడగరు."

నాకు నవ్వు ఆగలేదు. ట్రిస్టన్ డ కున్హాకు దగ్గరలో మనుషులున్న నేల అంటే సెయింట్ హెలెనా, 2,400 కిలోమీటర్ల అవతల. విమానం దిగే చోటు లేదు, కేప్‌టౌన్ నుంచి ఓడలో దాదాపు వారం ప్రయాణం. ఉన్నది 250 మందిలోపు, అందరికీ కలిపి ఇంటిపేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పైగా ఎవరైనా వెళ్ళాలంటే దీవి పంచాయతీలాంటి మండలి ముందే అనుమతి ఇవ్వాలి. అంటే ఓడ దిగకముందే నీ పుట్టుపూర్వోత్తరాలు ఊరందరి నోళ్ళలో నానుతుంటాయి. మా మేనత్తగారి ఊళ్ళో బస్సు దిగగానే "ఎవరి పిల్లవాడివి అబ్బీ?" అని రచ్చబండ మీద నుంచి గొంతు వినబడుతుందే, అచ్చం అలాగ. ఇదంతా చెప్పేసరికి వాడి మొహం చిన్నబోయింది. రెండు రోజులు ఫ్రిజ్ మీద ట్రిస్టన్ పక్కన ప్రశ్నార్థకం నిలబడింది. 1961లో అగ్నిపర్వతం పేలి జనమంతా ఇంగ్లండ్ చేరారనీ, అక్కడ సుఖంగా ఉండనిచ్చినా 1963లో దాదాపు అందరూ తిరిగి వెళ్ళిపోయారనీ తెలిశాక తుడిచేశాడు. మా నాన్నకు అన్ని దీవుల్లోకీ అదే నచ్చింది. "వాళ్ళకు తిరిగి పోవడానికి ఊరు మిగిలింది" అన్నారు.

గత వేసవిలో సెయింట్ కిల్డా చూపిద్దామని హారిస్ దీవి దాకా వెళ్ళాం. రెండు రోజులు కాచుకున్నాం. ఎండ కాస్తూనే ఉంది, గాలి కూడా పెద్దగా లేదు. అయినా అక్కడ అలల పొంగులో పడవ దిగడం కుదరదని పడవాయన తల అడ్డంగా ఊపాడు. కట్టుకెళ్ళిన పులిహోర బస చేసిన గదిలోనే తిన్నాం. మావాడు ముద్ద ముట్టలేదు. ఆ రాత్రి తాతకు ఫోను చేసి, ఏడుపు గొంతుతో ఫిర్యాదు. తాత ఓదార్చలేదు. "మన సంగమేశ్వరం కూడా అంతే. ఎప్పుడు పడితే అప్పుడు రానివ్వదు. నీళ్ళు దిగాక రండి" అన్నారు.

ఏడు నదులు కలిసే చోటని పేరున్న ఆ గుడి ఏడాదిలో ఎక్కువ భాగం శ్రీశైలం నీళ్ళలోనే ఉంటుంది. ఎండలు ముదిరి జలాశయం తగ్గాక బయటపడుతుంది. జిల్లాలు విడగొట్టాక అది నంద్యాల జిల్లాలోకి పోయింది, మా నాన్న నోట మాత్రం ఇంకా కర్నూలే. నీళ్ళలో మునిగి, ఏడాదికి కొన్నాళ్ళే తెరుచుకునే చోటు అనేసరికి మావాడి ఏడుపు ఆగిపోయింది. ఏప్రిల్ సెలవులకు టికెట్లు కొన్నాం.

ఆత్మకూరు మీదుగా వెళ్ళాం. ఎండ 40 డిగ్రీలు దాటింది. మావాడి బుగ్గలు దానిమ్మ గింజల్లా అయ్యాయి. అడుగు వేస్తే నెర్రెలు విచ్చిన ఒండ్రుమట్టి పెంకుల్లా విరుగుతోంది, రాతిగోడల మీద నీళ్ళు నిలిచిన గీతలు. లోపల వేపకర్ర లింగం. కాశీ నుంచి లింగం తేవడానికి వెళ్ళిన భీముడు వేళకు రాకపోతే, ధర్మరాజు వేపకర్రతో చేసి ప్రతిష్ఠించాడని కథ. ఏటా ఇన్ని నెలలు నీళ్ళలో నానే కర్ర పాడవదా అని మావాడు పూజారిని అడిగాడు. ఆయన జవాబు చెప్పకుండా, నీళ్ళు పెరిగేటప్పుడు చివరి పూజ పడవలో వచ్చి శిఖరానికే చేస్తామని చెప్పాడు. వాడికి వేయి ప్రశ్నలకు జవాబు దొరికినంత సంతోషం.

"మన ఊరు ఎటు తాతా?"

మా నాన్న భుజం మీది తువ్వాలు తీసి దానితోనే చూపించారు. అటు నీళ్ళు ఇంకా తళతళలాడుతున్నాయి. "అది లోతట్టు. ఇంకా దిగలేదు." మావాడు ఫోను తీసి అక్షాంశ రేఖాంశాలు అడిగాడు. మా నాన్న ఆంజనేయస్వామి గుడి నుంచి చింతమాను, చింతమాను నుంచి రేవు అని చెప్పుకుంటూ పోయారు. ఇద్దరూ ఎవరి పద్ధతిలో వాళ్ళు రాసుకున్నారనుకుంటాను.

సాయంత్రం కర్నూలు ఇల్లు చేరాం. ఆ ఇంటి వీధి ద్వారబంధం మిగతా ఇంటికి పొంతన కుదరదు. టేకుది, పైకమ్మి మీద తామరపువ్వు చెక్కి ఉంటుంది, అయిదున్నర అడుగులు కూడా ఉండదు. వంగకపోతే నుదురు పగలాల్సిందే. మావారు వచ్చిన ప్రతిసారీ పగలగొట్టుకుంటారు, ఆ రోజూ తప్పలేదు. పాత ఇంటి నుంచి ఎద్దుల బండి మీద తెచ్చి, కొత్త గోడలు దాని చుట్టూ కట్టించారని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. మావాడికి అప్పుడే చెప్పాను. వాడు గడప మీద కూర్చుని తామరపువ్వు వైపు చాలాసేపు తల ఎత్తి చూశాడు.

"మరి మీరు ఊరు వదిలేటప్పుడు తాళం వేశారా తాతా?"

"తలుపే తెచ్చుకున్నాక తాళం దేనికి వేస్తాం నాయనా?"

ఇంకేదో అడగబోయాడు. ఇంతలో మా అమ్మ లోపలి నుంచి, దీపాలు పెట్టే వేళ గడప మీద ఆ కూర్చోవడమేమిటని కేకలేసింది. తాతా మనవళ్ళు ఇద్దరూ లేచి, వంగి, లోపలికి వచ్చారు.