మూడు వేల రూపాయల తప్పుడు దావా

సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఎదుట దస్తావేజులు రాసుకుంటూ బతుకుతున్నవాణ్ని. స్థలం కొనడానికి వచ్చినవాళ్లు ధర మాట కంటే ముందు అడిగేది, "దీని మీద దావా ఏమైనా నడుస్తోందా?" అని. ఉందంటే చాలు, బయానా సొమ్ము మళ్లీ సంచిలోకి వెళ్లిపోతుంది. దావా నడుస్తుండగా కొన్నవారికీ తీర్పు వర్తిస్తుందని ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. ఆ తలనొప్పి ఎవరు కొనితెచ్చుకుంటారు?

ఈ భయమే కొందరికి పెట్టుబడి. భర్త పోయిన ఒకావిడ కూతురి పెళ్లి కోసం ఉన్న ఒక్క స్థలం అమ్మకానికి పెట్టారు. పక్క స్థలం ఆసామి సగం ధరకు అడిగాడు. ఆవిడ ఒప్పుకోలేదు. వెంటనే, ఆమె భర్త తనకు ఎప్పుడో అమ్మకపు ఒప్పందం రాసిచ్చాడంటూ కోర్టుకెక్కాడు. ఆ ఒప్పందం నకలు నా దగ్గరకు తెచ్చారు. స్టాంపు కాగితం పాతదే. కానీ భర్త చిరునామాలో ఉన్న ఇంటి నంబరు ఆయన పోయాక మున్సిపాలిటీ వేసినది! ఆయన బతికుండగా ఆ నంబరే లేదు.

"అన్నయ్యా, మీరు చూడగానే కనిపెట్టారు కదా, కోర్టులో తేలడానికి ఇన్నేళ్లెందుకు?" అని ఆవిడ అడిగారు. ఆ నంబరు సంగతి సాక్ష్యంలో బయటపడాలి. అక్కడిదాకా రానిస్తేగా! ఒకసారి లాయరుకు ఒంట్లో బాగోలేదంటారు, ఇంకోసారి సాక్షి ఊళ్లో లేడంటారు. ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వరాదని దావాలు నడిపే పద్ధతి చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉంది. అయినా ఆవిడ కుట్టుపని మానుకుని వెళ్లడం, మరో తేదీ రాయించుకుని రావడం తప్పలేదు. అవతలివాడికి తొందర లేదు. స్థలం అమ్ముడుపోకుండా ఉంటే అతని పని జరిగినట్లే.

చివరికి ఓడిపోతే అతనికి పోయేదెంత? మామూలు కోర్టు ఖర్చులు సరే, తెలిసి తెలిసి తప్పుడు దావా వేసినందుకు అదే కోడ్ 35ఎ సెక్షన్ కింద ఇప్పించగల పరిహారం 3,000 రూపాయలకు మించదు. 1976 సవరణతో వెయ్యి నుంచి ఆ మాత్రం పెంచి వదిలేశారు. నిర్ణీత విలువకు తగ్గని వాణిజ్య వివాదాలకు మాత్రం 2015 చట్టంతో ఈ పరిమితి ఎత్తేశారు. వ్యాపారులకు దొరికిన ఆ రక్షణ కుట్టుమిషను మీద బతికే మనిషికి ఎందుకు దక్కకూడదు? ఈ పరిమితి అందరికీ ఎత్తేయాలి. అవతలివాడి వల్ల అమ్మకం ఆగి నష్టపోయిన సొమ్మంతా అతని దగ్గరే వసూలు చేయాలి.

ఆవిడ లాయరు ఫీజుకు గాజులు తాకట్టు పెట్టారు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారని అప్పటికి ఆమెకు ఎవరూ చెప్పలేదు. కోర్టు ఆవరణలోనే న్యాయసేవల కమిటీ గది ఉంటుంది. 15100కు ఫోను చేసినా చెబుతారు.

దావా వేస్తామని ఎవరైనా బెదిరిస్తుంటే ముందే కోర్టులో కేవియట్, అంటే నాకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వొద్దనే అర్జీ, వేయించుకోండి. అది 90 రోజులు అమల్లో ఉంటుంది. ఆ లోపల మీకు తెలియకుండా మీ మీద ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) తెచ్చుకోవడం వాళ్లకు కుదరదు. ఉచిత లాయరు కోసం దరఖాస్తు రాయించుకోవాలంటే నా బల్ల దగ్గరకు రండి, దానికి డబ్బు తీసుకోను.