కుక్కకి మనిషి అల్బుమిన్: ఒక్కసారికే పనికొచ్చే సీసా

రక్తనాళాల్లో నీటిని నిలిపి ఉంచే ప్రోటీన్ అల్బుమిన్. రక్తం రిపోర్టులో అది 1.4 (డెసిలీటరుకి గ్రాములు) అని కనిపించగానే మెడికల్ షాపు నుంచి 20 శాతం హ్యూమన్ అల్బుమిన్ తెప్పించడం మన దగ్గర అలవాటైపోయింది. పొట్టలో నీరు చేరిన ల్యాబ్రడార్‌కీ అదే, పిడుదు జ్వరంతో చిక్కిపోయిన కుక్కకీ అదే. ఆ ఒక్క అంకె చూసి సీసా తెరవొద్దంటాను. సెప్టిక్ పెరిటోనైటిస్ (పొట్ట లోపలి పొరకి ఇన్ఫెక్షన్) ఆపరేషన్ తర్వాతో, పార్వో వైరస్ జబ్బులోనో అల్బుమిన్ 1.5 కిందికి పడి, సెలైన్ ఎంత ఎక్కించినా బీపీ నిలవక ఒళ్లు ఉబ్బుతుంటే, అప్పుడు దీని అవసరం ఉంది. లివర్ చెడి నెలల తరబడి తక్కువ అల్బుమిన్‌తోనే తిరుగుతున్న కుక్కకి లాభం తక్కువ, ప్రమాదం ఎక్కువ. కిడ్నీ నుంచో పేగు నుంచో ప్రోటీన్ పోతుంటే ఎక్కించిందీ అదే దారిన పోతుంది.

మనిషి అల్బుమిన్‌కీ కుక్క అల్బుమిన్‌కీ పోలిక దాదాపు 80 శాతం. మిగతా తేడాని కుక్క శరీరం పరాయి ప్రోటీన్‌గా పసిగట్టి యాంటీబాడీలు తయారుచేస్తుంది. 2007లో వెలువడిన పరిశోధనల్లో ఆరోగ్యంగా ఉన్న కుక్కలకి ఎక్కిస్తే తీవ్రమైన రియాక్షన్లు వచ్చాయి, కొన్ని చనిపోయాయి కూడా. జబ్బు కుక్కల్లో ఇమ్యూనిటీ డీలాపడి ఉంటుంది కాబట్టి రియాక్షన్ అంతగా కనిపించదని ఒక వాదన. దాన్ని నమ్ముకుని ధీమాగా ఉండలేం.

డోసు లెక్క ఇది: కావలసిన అల్బుమిన్‌లోంచి ఇప్పుడున్నది తీసేసి, దాన్ని బరువుతో, 10తో, 0.3తో గుణించాలి. 20 కిలోల కుక్కకి 1.2 ఉంది, 2.0కి తేవాలి. 0.8 × 20 × 10 × 0.3 = 48 గ్రాములు. రోజుకి కిలోకి 2 గ్రాములు దాటకూడదు కాబట్టి 40 దగ్గర ఆపాలి. అంటే 20 శాతం 100 మి.లీ. సీసాలు రెండు. 2.0 చాలు, నార్మల్ దాకా లాగాలన్న ఆశ వద్దు.

తెరిచిన సీసా 4 గంటల్లో అయిపోవాలి, అందుకే రెండూ ఒకేసారి తెరవొద్దు. మొదటి 15 నిమిషాలు గంటకి కిలోకి 0.25 మి.లీ. చొప్పున, అంటే ఈ కుక్కకి గంటకి 5 మి.లీ. మి.లీ.కి 60 చుక్కలు పడే మైక్రోడ్రిప్ సెట్‌లో గంటకి ఎన్ని మి.లీ.లో నిమిషానికి అన్ని చుక్కలు, కాబట్టి 5 చుక్కలు. ఏమీ తేడా లేకపోతే 27 చుక్కలకి పెంచితే సీసా సమయానికి ఖాళీ అవుతుంది. గాజు సీసా అయితే గాలి దారి ఉన్న సెట్ వాడాలి, లేదంటే చుక్క మధ్యలో ఆగిపోతుంది. కుదిపితే నురగ వస్తుంది. మసకగా ఉంటే పారేయాలి. లైన్ విడిగా ఉండాలి, రక్తంతో కలపకూడదు. పలచన చేయాలంటే నార్మల్ సెలైన్‌తోనే, ఒక వంతుకి మూడు వంతులు కలిపితే 5 శాతం అవుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోస్తే ఎర్రకణాలు పగులుతాయి.

పిల్లి దగ్గర ఇంకా నెమ్మది. 4 కిలోల పిల్లికి గంటకి 4 మి.లీ. మించకుండా ఇస్తే 4 గంటల్లో 16 మి.లీ., అంటే 3.2 గ్రాములే వెళ్తాయి. మిగిలింది ఖరీదైనదే, అయినా పారబోయక తప్పదు. 20 శాతం ద్రవం తన పరిమాణానికి కొన్ని రెట్ల నీటిని రక్తనాళాల్లోకి లాగుతుంది. గుండె బలహీనంగా ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరేది ఇక్కడే. ఒళ్లు ఎండిపోయిన జంతువుకైతే లాగడానికి నీరే ఉండదు, ముందు సెలైన్ ఎక్కించాలి.

మొదటి గంట ప్రతి 15 నిమిషాలకీ టెంపరేచర్, పల్స్, శ్వాస, బీపీ చూడాలి. మూతి ఉబ్బడం, దద్దుర్లు, వాంతి, బీపీ పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆపేయాలి, క్యాన్యులా మాత్రం తీయొద్దు. అనాఫిలాక్సిస్ (ప్రాణాంతకమైన అలర్జీ) అయితే 1:1000 అడ్రినలిన్ కిలోకి 0.01 మి.లీ. కండకి, 20 కిలోలకి 0.2 మి.లీ. దాన్ని సిరంజిలో ముందే సిద్ధంగా పెట్టుకోవాలి. ముందు జాగ్రత్తగా ఏవిల్ అనే అలర్జీ మందు ఇచ్చాం కదా అని నిశ్చింతగా ఉండే వీల్లేదు.

ఎక్కువమంది మర్చిపోయేది ఆలస్యంగా వచ్చే రియాక్షన్. వారం నుంచి మూడు వారాల్లోపు జ్వరం, కుంటడం, కీళ్ల వాపు, చర్మం మీద పుండ్లు, మూత్రంలో ప్రోటీన్ రావచ్చు. అప్పటికి కుక్క ఇంటికి వెళ్లిపోయి ఉంటుంది, కుంటుతోందని యజమాని ఇంకో క్లినిక్‌కి తీసుకెళ్తాడు. అక్కడ రిపోర్టు చూసి మళ్లీ ఇదే సీసా పెడితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే డిశ్చార్జి కాగితం మీద ఎర్ర ఇంకుతో తేదీ, ఎన్ని గ్రాములు, ‘మళ్లీ ఇవ్వరాదు’ అని రాసివ్వాలి. డిశ్చార్జి అయి మూడు వారాలు గడిచాక ఒక్కసారి మూత్రం పరీక్ష చేయించాలి.