చీకటితోనే

మొన్నటిదాకా నా ప్రార్థనంతా రాత్రి పడుకున్నాకే. "ప్రభువా" అని మొదలుపెట్టి, "ఆమేన్" దాకా రాకముందే నిద్రలోకి జారిపోయేదాన్ని. టైమ్ లేదని నిజంగానే నమ్మాను.

ఒకరోజు బైబిల్లో మార్కు సువార్త 1:35 దగ్గర ఆగిపోయాను. యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి, ఏకాంతంగా ప్రార్థించాడు. ఎన్నిసార్లు విన్న మాటో! కానీ ముందు రోజు సాయంత్రం ఏం జరిగిందో ఎప్పుడూ పట్టించుకోలేదు. పొద్దు గుంకాక పట్టణమంతా ఆయన ఉన్న ఇంటి వాకిట్లోకి వచ్చింది, ఆయన ఎంతోమంది రోగుల్ని బాగుచేశాడు. ఆ మర్నాడే, అంత చీకటితో! అక్కడికి కూడా శిష్యుడు సీమోను వెతుక్కుంటూ వచ్చి, అందరూ నీకోసం చూస్తున్నారన్నాడు. ఆయనకి ఉన్నంత పని నాకుందా?

అప్పటి నుంచి ఫోన్ వేరే గదిలో పెట్టి పడుకుంటున్నాను. ఐదున్నరకి లేచి, మంచం పక్కన మోకరించి పావుగంట. మొదటి వారం చాలా కష్టమైంది. కళ్ళు మూసుకుంటే ఆ రోజు పనులే కనిపించేవి. అందుకే నోట్‌బుక్‌లో పేర్లు రాసుకుని, ఒక్కొక్కరి కోసం ప్రార్థించడం మొదలుపెట్టాను. అందులో రెండేళ్ళుగా నేను మాట్లాడని మనిషి పేరు కూడా ఉంది. ఆ పేరు దగ్గర రోజూ గొంతు పట్టేసేది, తర్వాతి పేరుకి వెళ్ళిపోయేదాన్ని. దేవుడు మాత్రం నన్ను మళ్ళీ అక్కడికే తెచ్చేవాడు.

నిన్న ప్రార్థన అయ్యాక, మోకాళ్ళ మీద నుంచి లేచి తనకి ఫోన్ చేశాను. "బాగున్నావా?" అంది. ఇద్దరం కాసేపు ఏడ్చాం.