ఒకే ప్రాంగణంలో చదివినా పరిచయం లేని మేము

మేము బీ.ఫార్మసీ చదివే రోజుల్లో మన విశ్వవిద్యాలయంలో ఆరోగ్య శాస్త్రాలకు నాలుగు వేర్వేరు భవనాలు ఉండేవి. వైద్య కళాశాల ప్రధాన ద్వారానికి ఎదురుగా, నర్సింగ్ కళాశాల దాని వెనుక, ఫిజియోథెరపీ విభాగం ఆటస్థలం అంచున ఉండేవి. మా ఫార్మసీ కళాశాల అన్నిటికన్నా చివర, ప్రహరీగోడను ఆనుకొని ఉండేది. నాలుగేళ్లలో నేను వైద్య కళాశాల లోపలికి రెండుసార్లే వెళ్లాను, రెండుసార్లూ రక్తదానానికే. నర్సింగ్ విద్యార్థినులను యూనిఫాం బట్టి గుర్తుపట్టేవాళ్లం గాని, వారిలో ఒక్కరి పేరు కూడా మాకు తెలియదు. అది ఒక లోటని అప్పట్లో మాలో ఎవరికీ తోచలేదు.

లోటని తెలిసింది ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. నేను పనిచేస్తున్న ఆసుపత్రి ఫార్మసీకి ఒక సాయంత్రం కీళ్లవాతంతో బాధపడుతున్న రోగికి రాసిన చీటీ వచ్చింది. అందులో మెథోట్రెక్సేట్ రోజుకొకసారి అని ఉంది. ఆ జబ్బుకు ఆ మందును వారానికి ఒక్కసారే ఇస్తారు. రోజూ ఇస్తే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. పొరపాటు జరిగిందని నాకు చూడగానే అర్థమైంది. అయినా డాక్టరుగారికి ఫోన్ చేయడానికి దాదాపు అరగంట తటపటాయించాను. నేనేమైనా పొరబడుతున్నానేమో, ఆయన ఏమనుకుంటారో అని పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాను. చివరికి ఫోన్ చేస్తే ఆయన వెంటనే సరిదిద్ది, కృతజ్ఞత కూడా చెప్పారు. ఆ మోతాదు చూసి తనకూ అనుమానం వచ్చిందని, అడగడానికి జంకానని వార్డులోని నర్సు మరుసటి రోజు నాతో అన్నది. మాటల్లో తేలిందేమంటే, మేము ముగ్గురమూ ఈ ప్రాంగణంలోనే, ఇంచుమించు ఒకే కాలంలో, నడిచి వెళ్లేంత దూరంలో చదువుకున్నాం.

ఆరోగ్య శాస్త్రాలన్నిటికీ కలిపి ఒక ఉమ్మడి భవనం కట్టాలని విశ్వవిద్యాలయం నిర్ణయించి, ప్రణాళికా సంఘంలో పూర్వ విద్యార్థుల తరఫున నన్ను కూర్చోమన్నప్పుడు నా మనసులో మెదిలింది ఆ అరగంటే. ఈ సంచిక కోసం వ్యాసం అడిగిన మిత్రులు కళాశాల జ్ఞాపకాలు రాయమన్నారు. నా జ్ఞాపకాలన్నీ ఇప్పుడు ఆ భవనం నక్షాల చుట్టూనే తిరుగుతున్నాయి కనుక వాటి గురించే రాస్తున్నాను.

వేర్వేరు వృత్తుల విద్యార్థులు కలిసి చదవాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1988లోనే దీనిమీద ఒక నివేదిక ప్రచురించింది. 2010లో వెలువరించిన కార్యాచరణ పత్రంలో దానికి స్పష్టమైన నిర్వచనం కూడా ఇచ్చింది: రెండు లేదా అంతకన్నా ఎక్కువ వృత్తులకు చెందిన విద్యార్థులు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో కలిసి ఒకరు నేర్చుకోవడం. అదే సంస్థ 2008లో శస్త్రచికిత్సలకు ఒక భద్రతా జాబితాను రూపొందించింది. కోత పెట్టే ముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని చెప్పుకోవాలన్నది అందులోని 19 అంశాలలో ఒకటి. ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో ఆ జాబితాను అమలు చేసి చూడగా మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, తీవ్రమైన చిక్కులు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. పేర్లు చెప్పుకోవడం ఒక్కటే దానికి కారణమని నేను అనను. అయితే ఆపరేషన్ బల్ల దగ్గర పేరు చెప్పుకోవలసి రావడమే మేము చదువుకున్న తీరులోని లోపాన్ని చూపిస్తోందని నాకు అనిపిస్తుంది.

సంఘం మొదటి సమావేశానికి నాలుగు కళాశాలలూ నాలుగు జాబితాలు తెచ్చాయి. ప్రతి జాబితాలోనూ ప్రిన్సిపాల్ గది, సెమినార్ హాలు, కంప్యూటర్ ల్యాబు, బోధనా సిబ్బంది గదులు ఉన్నాయి. నాలుగింటినీ కూడితే వచ్చేది నాలుగు కళాశాలలను పక్కపక్కన అతికించిన భవనమే తప్ప ఉమ్మడి భవనం కాదు. ఈ మాట అందరికన్నా ముందు చెప్పినవారు నర్సింగ్ కళాశాల మేడమ్. ఏ గది ఎవరిదని కాకుండా, ఆ గదిలో ఏ పని జరుగుతుంది, వారానికి ఎన్ని గంటలు జరుగుతుంది అని రాసుకొని మళ్లీ రమ్మన్నారు. రెండో సమావేశానికి వచ్చిన పట్టికలు చూస్తే, అడిగిన సెమినార్ హాళ్లలో చాలా మటుకు మధ్యాహ్నాలు ఖాళీగానే ఉంటాయని తేలింది. నా అంచనాలో ఆ భవనానికి నిజమైన పునాది పడింది ఆ రోజునే.

ఆర్కిటెక్టులు మాకు చెప్పిన విషయాల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది దూరం సంగతి. అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విద్యాసంస్థలో థామస్ ఆలెన్ అనే ఆచార్యుడు పరిశోధనశాలల్లో ఇంజినీర్లు ఎవరితో ఎంత తరచుగా మాట్లాడుకుంటారో ఏళ్ల తరబడి లెక్క తీశారు. కూర్చునే చోట్ల మధ్య దూరం పెరిగేకొద్దీ మాటలు చాలా వేగంగా తగ్గిపోతాయని, సుమారు 50 మీటర్లు దాటితే పనికి సంబంధించిన సంభాషణ దాదాపుగా ఉండదని ఆయన 1977లో రాశారు. నేను మన పాత ప్రాంగణం పటం మీద స్కేలు పెట్టి చూసుకున్నాను. మా ఫార్మసీ ల్యాబు నుంచి నర్సింగ్ కళాశాల తలుపు వరకు ఆ దూరానికి ఎన్నో రెట్లుంది. మేము ముభావులం కాబట్టి పరిచయం కాలేదని ఇన్నాళ్లూ అనుకున్నాను గాని, మమ్మల్ని అలా ఉంచింది ఆ కట్టడాల అమరికే.

ఒకే కప్పు కిందికి చేర్చినంత మాత్రాన సరిపోదు. అంతస్తుకొక కళాశాల చొప్పున పంచితే, లిఫ్టు ఎక్కి తన అంతస్తులో దిగి, సాయంత్రం అదే లిఫ్టులో వెళ్లిపోయే విద్యార్థికి మిగతా మూడు కళాశాలలు ఉన్నా లేనట్టే. అందుకే అధ్యాపకుల గదులను వృత్తిని బట్టి కాకుండా బోధించే విషయాన్ని బట్టి అమర్చాలని పట్టుబట్టాం. మందుల గురించి చెప్పేవారు, వారు వైద్య కళాశాల ఫార్మకాలజీవారైనా, ఫార్మసీవారైనా, నర్సింగ్‌వారైనా, ఒకే వరుసలో ఉంటారు. దీనికి అభ్యంతరాలు వచ్చాయి, ఇంకా వస్తున్నాయి. తమ విద్యార్థులకు తాము దూరమవుతామన్న అధ్యాపకుల బాధ అర్థం లేనిది కాదు. అందుకోసం ప్రతి కళాశాలకూ సొంతమని చెప్పుకోవడానికి ఒక గదిని మాత్రం విడిగా ఉంచాం.

అన్నిటికన్నా ఎక్కువ కాలం చర్చ జరిగింది శవవిచ్ఛేదన గది, అంటే డిసెక్షన్ హాల్ గురించి. మొదటి నక్షాలో అది పై అంతస్తులో ఉంది. వెలుతురు బాగుంటుందన్నది కారణం. భౌతికకాయాలు ఎటు నుంచి వస్తాయని అనాటమీ ఆచార్యులు అడిగేసరికి గదిలో ఎవరూ మాట్లాడలేదు. విద్యార్థులు ఎక్కి దిగే లిఫ్టులోనే తీసుకురావడం దేహాన్ని దానం చేసినవారికి గౌరవం కాదు, చూసేవారికీ మంచిది కాదు. చివరికి హాలును నేల అంతస్తుకు మార్చి, వెనుక వైపు కప్పు ఉన్న ప్రత్యేక ద్వారం పెట్టారు. దాని పక్కనే, దాతల కుటుంబాలు వచ్చి కాసేపు కూర్చోవడానికి ఒక చిన్న గది కావాలని కూడా ఆయనే అడిగారు. ఖర్చు తగ్గించే ప్రతి విడతలోనూ ఆ గది పేరు ముందుకు వచ్చింది, ప్రతిసారీ ఆయన లేచి నిలబడి దాన్ని కాపాడారు.

ఆ హాలులో ఇంకొక సమస్య గాలి. భౌతికకాయాలను నిల్వ చేయడానికి వాడే ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో నిర్ధారించింది. మా కాలంలో వైద్య విద్యార్థులు కళ్లు మండుతూ బయటికి రావడం దూరం నుంచి చూసేవాళ్లం. అది వారి చదువులో ఒక భాగమనుకొనేవాళ్లం. ఇప్పుడు ఆవిరి విద్యార్థి ముఖం దాకా లేవకముందే కిందికి పీల్చే బల్లలు ఉన్నాయి. వాటి గొట్టాలు నేల కింద నుంచి వెళ్లాలి, బయటికి వదిలే గాలి పై అంతస్తుల కిటికీల్లోకి గాని, లోపలికి గాలి తీసుకొనే చోటికి గాని తిరిగి రాకూడదు. ఇటువంటివి గోడలు లేచాక గుర్తొస్తే ఎవరూ చేయగలిగింది లేదు.

గొట్టాల మాట వచ్చింది కనుక ఒక సంగతి చెప్పాలి. ఆర్కిటెక్టు లూయీ కాన్ రూపొందించగా 1960లలో కాలిఫోర్నియాలో కట్టిన సాల్క్ పరిశోధన సంస్థలో ప్రతి ప్రయోగశాల అంతస్తు పైనా మనిషి నిలబడి పనిచేయగలిగినంత ఎత్తులో గొట్టాలకూ తీగలకూ విడిగా ఒక అంతస్తు ఉంది. ప్రయోగశాలలో స్తంభాలు అడ్డురావు, కింద పని ఆపకుండానే పైన మార్పులు చేసుకోవచ్చు. అంత ఖర్చు మన విశ్వవిద్యాలయం భరించలేదు. కానీ ఆ ఆలోచనను గ్రహించి, మార్చడానికి కష్టమైన మెట్లు, లిఫ్టులు, మరుగుదొడ్లు, నిలువు గొట్టాలు అన్నిటినీ రెండు చివరలకు చేర్చి, మధ్య భాగాన్ని తేలికపాటి గోడలతో వదిలిపెట్టారు. ఇరవై ఏళ్ల తర్వాత వైద్య విద్య ఎలా ఉంటుందో మాలో ఎవరమూ చెప్పలేం.

విద్యార్థుల అభ్యాసం కోసం ఆసుపత్రి వార్డులా అమర్చే నమూనా వార్డు విషయంలో పెద్దగా వాదన జరగలేదు. బొమ్మ రోగి మీద అభ్యాసం చేయడం 1960లో నార్వేలోని లేర్డాల్ సంస్థ నోటితో శ్వాస అందించడం నేర్చుకునే బొమ్మను తయారు చేసిన నాటి నుంచీ ఉన్నదే. మేము కోరిందల్లా, అభ్యాసం ముగిశాక అందరూ కూర్చొని జరిగినదాన్ని మాట్లాడుకునే గది దానిని ఆనుకొనే ఉండాలని. అసలు నేర్చుకోవడం జరిగేది అక్కడే. ఫిజియోథెరపీవారు చేసిన సవరణను కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ముందు వైపు ఘనమైన మెట్లు, పక్కన ఎక్కడో ర్యాంపు గీసిన నక్షాను చూసి, చక్రాల కుర్చీలో వచ్చే మనిషి పక్కదారిన రావలసిన భవనంలో తాము పాఠం చెప్పలేమన్నారు. ఇప్పుడు అందరూ 1:12 వాలుకు, అంటే పన్నెండు అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తుకు, మించని ఒకే దారిన లోపలికి వస్తారు.

బడ్జెట్ మించినప్పుడు మొదట కత్తెర పడింది వెడల్పాటి వరండాల మీద, మెట్ల మలుపుల్లో బల్లలు వేసిన చోట్ల మీద. లెక్కల్లో అవి ఏ విభాగానికీ చెందని స్థలం. వాటి తరఫున మాట్లాడటానికి ఏ ప్రిన్సిపాలూ లేరు కనుక ఆ పని నేను తీసుకున్నాను. మెథోట్రెక్సేట్ చీటీ సంగతి సంఘంలో మొదటిసారి చెప్పింది ఆ రోజే. నాలుగు మలుపుల్లో మూడు నిలిచాయి. వరండా మాత్రం కొంత సన్నబడింది.

మూడు విశ్వవిద్యాలయాలు కలిసి అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఇటువంటి ఉమ్మడి భవనాన్ని కట్టి 2014లో ప్రారంభించాయని తెలిసినప్పుడు, వేర్వేరు సంస్థలకే సాధ్యమైనది ఒకే విశ్వవిద్యాలయంలోని నాలుగు కళాశాలలకు ఎందుకు కాదనిపించింది. మా చిక్కు స్థలం దగ్గర కాదు, టైంటేబుల్ దగ్గర వచ్చింది. నాలుగు కోర్సుల విద్యాసంవత్సరాలు వేర్వేరు నెలల్లో మొదలవుతాయి, పరీక్షలు వేర్వేరు వారాల్లో వస్తాయి. మొదటి సంవత్సరం వారందరికీ ఒకే సమయంలో ఖాళీ దొరికే గంట వారంలో ఒక్కటి కూడా లేదు. ఆ గంట లేకపోతే భవనంలో ఎంత మంచి గది ఉన్నా తాళం వేసి ఉండేదే.

ఆరు నెలల ఉత్తర ప్రత్యుత్తరాల తర్వాత బుధవారం మధ్యాహ్నం రెండు గంటల సమయాన్ని ఉమ్మడి తరగతుల కోసం నాలుగు కళాశాలలూ వదులుకున్నాయి. భవనం ఇంకా నక్షాల్లోనే ఉన్నా తరగతులు ఈ ఏడు నుంచే, పాత వైద్య కళాశాల పెద్ద హాలులో మొదలవుతాయి. మొదటి బుధవారం తరగతి నన్ను తీసుకోమన్నారు. పేర్లు తీసేసిన మెథోట్రెక్సేట్ చీటీని ప్రతి బల్లకూ ఒకటి చొప్పున ఇచ్చి, ఒక్కో బల్ల దగ్గర నాలుగు కళాశాలలవారినీ కలిపి కూర్చోబెట్టి, ఆ ఫోన్ ఎవరు చేయాలో, ఏమని మొదలుపెట్టాలో వారి చేతనే మాట్లాడించాలని అనుకుంటున్నాను.