అనంతగిరి ఘాట్‌లో రెండు గంటలు

అరకు రైలు అద్దాల బోగీలో టికెట్లు దొరక్క, చివరికి వైజాగ్ కాంప్లెక్స్‌లో అరకు బస్సెక్కాం. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కేదాకా బానే ఉంది. అనంతగిరి ఇంకాస్త దూరం ఉందనగా బస్సు ఆగిపోయింది. డ్రైవర్ దిగి, ఇంజిన్ చూసి, తాపీగా బీడీ వెలిగించాడు. ఇక తెమిలేది కాదని అందరికీ అర్థమైపోయింది.

అరకులో చూసినవి అందరూ రాసేవే. బొంగు చికెన్‌కి ఎంతిచ్చానో చెబితే ఇంట్లో తిడతారు కాబట్టి అదీ వదిలేస్తున్నా.

బస్సు ఆగిన చోట, అడవి చూద్దామని రోడ్డు దిగాను. ఎటు చూసినా ఒకటే చెట్టు, నిటారుగా, తాడు పట్టి నాటినట్టు. సిల్వర్ ఓక్, పుట్టిల్లు ఆస్ట్రేలియా. ఒళ్లు మండింది. మా తెనాలి వైపు రోడ్డు వెడల్పు చేస్తామని మర్రిచెట్లు కొట్టేసి, డివైడర్ మీద కోనోకార్పస్ పెట్టారు. పచ్చగానే ఉంటుంది గానీ దాని మీద పిట్ట వాలగా నేను చూడలేదు. "ఇదేం అడవి?" అని పైకే అనేశాను.

పక్కనే టార్పాలిన్ మీద కాఫీ గింజలు తిరగేస్తున్న ముసలాయన తలెత్తాడు. "ఇది అడవని నీకెవరు చెప్పారు బాబూ? ఇది మా తోట."

ఆయన కుర్రతనంలో ఈ వాలంతా పోడేనట. ఎండాకాలంలో కొట్టి, కాల్చి, వానలకి సామలు, చోళ్లు, కందులు చల్లేవాళ్లు. రెండు మూడు పంటలకి మట్టి కొట్టుకుపోతే ఇంకో వాలుకి. వెనకటికి మళ్లీ ఈ వాలుకి వచ్చేసరికి చెట్లు లేచి ఉండేవి, జనం పెరిగాక ఆ వ్యవధి లేకపోయింది. ఏజెన్సీలో కాఫీ మొక్కలు అటవీశాఖ 1960లలోనే పెట్టినా, గిరిజనుల చేతికి తోటలుగా వచ్చింది తర్వాత, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ పుణ్యమా అని. కాఫీకి నీడ కావాలి, అందుకే తొందరగా ఎదిగే ఈ చెట్లు. మానుకి మిరియాల పాదు పాకించారు. ఒకాయన కలపకి ఆశపడి చెట్లు అమ్మేశాడట, మరుసటి ఎండాకాలానికి కాఫీ మొక్కలు మాడిపోయాయి. అప్పట్నుంచి ఈ ఊళ్లో గొడ్డలి కొమ్మలు కత్తిరించడానికే.

ఎర్రటి పండొకటి తెంపి చేతిలో పెట్టాడు. తొక్క నొక్కితే జారుడు జారుడుగా రెండు గింజలు, చుట్టూ పల్చటి తీపి జిగురు. ఈ అరకు కాఫీకే 2019లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. కింద బొర్రా వైపు గనుల లీజుల మీద గిరిజన హక్కుల కోసం పనిచేసే సమత సంస్థ కోర్టుకెక్కితే, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకి లీజుకివ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు గురించి చదివినప్పుడు ఈ కొండలు నాకు ఒట్టి పేర్లే.

అయినా నా మొండితనం పోలేదు. "మరి పాత చెట్లేవీ తాతా?" అన్నాను.

పనస రెండు, మామిడి ఒకటి చూపించాడు. వాటి వెనక, వరసకి అడ్డంగా, తాటిజాతి జీలుగు చెట్టొకటి. దాన్ని కొట్టేసి అక్కడా ఓక్ పెట్టుకోమని ఎవరో సలహా ఇచ్చారట.

"ఓక్ చెట్టుకి కల్లు దిగుద్దేటి?" అన్నాడు.

పైనుంచి బస్సు హారన్ కొట్టింది.