కొబ్బరిచెట్టు లేని కోనసీమ దారి

గ్యాసు బావిని మొదటిసారి చూసినవాళ్లు దాదాపు అందరూ అనే మాట "ఇంతేనా?" అని. చుట్టూ కంచె, కంకర పరిచిన ఆవరణ, మధ్యలో మనిషెత్తుకు కాస్త పైన, ఒంటి నిండా వాల్వులున్న ఇనుప స్తంభం. దాన్ని ఫీల్డులో క్రిస్మస్ ట్రీ అంటారు. చప్పుడుండదు, పొగుండదు. తవ్విన రిగ్గు ఎప్పుడో వెళ్లిపోయుంటుంది. కిలోమీటర్ల లోతు నుంచి గ్యాసు పైకొస్తోందని చెబితే తలూపుతారు గానీ, కళ్లు మాత్రం మిగులు గ్యాసును కాల్చేసే ఫ్లేర్ మంట ఎక్కడుందా అని వెతుకుతుంటాయి.

కోనసీమ ఇంకా తూర్పు గోదావరి జిల్లాలోనే ఉన్న రోజులవి. కొందరు ఎమ్మెల్యేలకూ, పరిశ్రమలు, రెవెన్యూ శాఖల అధికారులకూ అక్కడ గ్యాసు ఎలా తీస్తారో చూపించమని నన్ను పిలిచారు. కొన్నాళ్లు ఫీల్డులో పనిచేసి, తర్వాత పెట్రోలియం ఇంజనీరింగ్ పాఠాలు చెప్పుకున్నవాణ్ణి. "ఫార్ములాలొద్దు మాస్టారూ, అర్థమయ్యేలా చెప్పండి" అన్నారు ముందే. ఫార్ములాల జోలికి నేనూ పోదలచుకోలేదు. నేను చెప్పాలనుకున్నది నీళ్ల సంగతి.

రాజమండ్రిలో బయల్దేరి జొన్నాడ వంతెన దాటి రావులపాలెం చేరేసరికే బస్సులో సగం పాఠం అయిపోయింది. కోట్ల ఏళ్లుగా కృష్ణా గోదావరులు మోసుకొచ్చి పొరలు పొరలుగా పేర్చిన మట్టీ ఇసుకే కేజీ బేసిన్. 1970ల చివర్లో నరసాపురం దగ్గర తవ్విన బావిలో గ్యాసు కనబడ్డాక ఈ ప్రాంతం జాతకం మారింది. ఒకాయన ఉండబట్టలేక "గాడిమొగ గ్యాసు మీద మనకొచ్చేదెంతండీ?" అన్నారు. లోతు సముద్రంలో తీసి గాడిమొగ దగ్గర ఒడ్డుకు తెచ్చే కేజీ-డి6 గ్యాసు 2009లో మొదలైంది. అక్కణ్ణుంచి సుమారు 1,400 కిలోమీటర్ల పైపులో గుజరాత్‌లోని భరూచ్ దాకా పోతుంది. నేల మీది బావుల్లో తీసిన గ్యాసుకు రాయల్టీ రాష్ట్రానికి, సముద్రంలో తీసినదానికి కేంద్రానికి. అది వినగానే నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి కూర్చున్నారు. డబ్బు మాటకున్న మహిమ నా పాఠానికెక్కడిది!

బోడసకుర్రు దగ్గర గోదారి పాయ వైనతేయ దాటాక బస్సులో కాస్త నిశ్శబ్దం. అవతల ఒడ్డు పాశర్లపూడి. 1995 జనవరి 8న అక్కడ తవ్వుతున్న బావి అదుపు తప్పి (దీన్నే బ్లోఅవుటు అంటారు) అంటుకుంది. ఆర్పడానికి 65 రోజులు పట్టింది. ఆ ప్రాంతంలో ఆ ఏడు పుట్టిన పిల్లల వయసును ఇప్పటికీ బ్లోఅవుటుతో లెక్కకట్టేవాళ్లున్నారు. తవ్వేటప్పుడు బావిలో నింపే బురద బరువే కింది ఒత్తిడిని అణచిపెడుతుందనీ, ఆ బరువు చాలకపోతే గ్యాసు ఎగదన్నుతుందనీ, అప్పుడు ఆఖరి కాపలా బావి నోటి దగ్గర బిగించిన బీఓపీ, అంటే ఆ నోటిని మూసేసే పెద్ద వాల్వుల వరస అనీ చెప్పాను. శ్రద్ధగా విన్నారు. మంట కథలు ఎవరైనా వింటారు.

అసలు పని జీసీఎస్ దగ్గర. చుట్టుపక్కల బావుల నుంచి గ్యాసు వచ్చి చేరే కేంద్రమది. సెల్‌ఫోన్లు గేటు దగ్గర పెట్టించి, హెల్మెట్లు ఇచ్చి లోపలికి తీసుకెళ్లారు. ఫోన్లు లేని ఎమ్మెల్యేలు ఎంత ఓపిగ్గా వింటారో ఆ రోజు తెలిసింది. పొడుగాటి సెపరేటర్ ట్యాంకు ముందు అందర్నీ ఆపాను. బావిలోంచి గ్యాసు ఒంటరిగా రాదు. ఉప్పునీళ్లూ, కండెన్సేట్ అనే తేలికపాటి నూనే కలిసొస్తాయి. వరద గోదారి నీటిని బిందెలో పట్టి కదపకుండా ఉంచితే ఒండ్రు అడుగుకు దిగినట్టు, ఈ ట్యాంకులో వేగం తగ్గగానే నీళ్లు అడుగుకీ, దాని మీదకి నూనే, పైకి గ్యాసూ చేరతాయి. అయినా గ్యాసులో ఆవిరి రూపంలో తేమ మిగులుతుంది. దాన్ని గ్లైకాల్ అనే, తేమను పీల్చుకునే ద్రవంతో పీల్పించాలి. పీల్చకుండా పైపులోకి పంపితే దారిలో చల్లబడి, పైపు దిగువకు వంగిన చోటల్లా నీరు నిలుస్తుంది. గ్యాసులోని కార్బన్ డయాక్సైడ్ ఆ నీటిలో కలిసి ఆమ్లమవుతుంది. ఉక్కును లోపలి నుంచి తింటుంది. పైకేమీ కనబడదు.

"తింటే?" అన్నారు ఒక మహిళా ఎమ్మెల్యే.

"నగరం గ్రామం ఇక్కడికి దగ్గరేనండీ" అన్నాను.

అంతకన్నా చెప్పాల్సిన పని లేకపోయింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాసు కోసం వేసిన లైనులో తడి గ్యాసు నడిపారని విచారణలో తేలింది. వంటగ్యాసుకుండే వాసన తర్వాత కలిపిందే గానీ, భూమిలోంచి వచ్చే గ్యాసుకు పుట్టుకతో ఉండేది కాదు, కాబట్టి పైపు కారుతున్నా ముక్కుకు తెలియదు. నీళ్ల గురించి నేనెందుకు అంత పట్టుబట్టానో అప్పటికి అందరికీ అర్థమైనట్టుంది. వేరుచేసిన ఉప్పునీటిని ఏం చేస్తారనీ, మళ్లీ లోతు బావిలోకి ఎక్కించేస్తున్నారని ఎవరు తనిఖీ చేస్తారనీ, వాళ్లే ఒకరి తర్వాత ఒకరు అడిగారు. నేల కుంగుతోందని ఊళ్లలో ఉన్న భయం గురించీ అడిగారు. గ్యాసు తీయడం ఒక కారణమనే వాదన ఉంది, ఆనకట్టల వల్ల డెల్టాకు ఒండ్రు రాకపోవడం ఇంకో కారణం. దేని వాటా ఎంతో తేల్చాలంటే ఏళ్ల తరబడి కొలతలు తీయాలి, ఆ లెక్కలు జనం ముందు పెట్టాలి. అదే చెప్పాను.

భోజనాలయ్యాక ఫ్లేర్ చూపిస్తారని కార్యక్రమంలో ఉంది. దానికి బదులు పైపులైను వెంట కొంచెం నడుద్దామన్నాను. ఎండలో నడకా అని కొందరు బస్సులోనే ఉండిపోయారు. వచ్చినవాళ్లకు మాత్రం చెప్పకుండానే తెలిసిపోయింది. రెండు పక్కలా దట్టంగా కొబ్బరితోట, మధ్యలో పట్టీలాగా చెట్టు లేని జాగా, అక్కడక్కడా హెచ్చరిక రాళ్లు.

తోట రైతు లుంగీ సర్దుకుంటూ ఎదురొచ్చాడు. "మా ఇంటెనక నుంచే ఎల్తందండి" అన్నాడు.

1962 నాటి పైపులైన్ల చట్టం ప్రకారం భూమి రైతు పేరనే ఉంటుంది. కంపెనీకి దక్కేది వాడుకునే హక్కు. అందుకిచ్చే పరిహారం మార్కెట్ విలువలో పది శాతం, దానితోపాటు పంట నష్టం. ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. వరి పండే పొలంలో ఏడాది తిరిగేసరికి మళ్లీ నాట్లు పడతాయి కాబట్టి చెల్లిపోతుందేమో. కొబ్బరి మీద బతికేవాడికి అదెలా చెల్లుతుంది?

"కొట్టేసిన చెట్లకి డబ్బులిచ్చారండి, ఆయ్" అన్నాడు రైతు. "ఎయ్యనివ్వని చెట్లకే లెక్క కట్టలేదు."

రెవెన్యూ అధికారి ఏదో అనబోయి ఊరుకున్నారు. ఒక ఎమ్మెల్యే, పంచాయతీకి ఏమన్నా వస్తుందా అని నన్నడిగారు. బొగ్గుకో ఇనుప ఖనిజానికో అయితే 2015 సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధి ఉంది, గని వల్ల నష్టపోయిన ఊళ్లకు ఖర్చుపెట్టాలి. ఆ గనుల చట్టం పరిధిలోకి చమురూ సహజవాయువూ రావు. కాబట్టి ఇక్కడ అలాంటి నిధి లేదు. రాష్ట్రానికొచ్చే రాయల్టీ ఖజానాలో కలిసిపోతుంది. అందులోంచి ఈ ఊళ్లకెంత ఇవ్వాలో నిర్ణయించే అధికారం మీ సభకే ఉందన్నాను. ఆయన నా వైపు కాసేపు చూసి, పీఏ చేత ఆ రెండు చట్టాల పేర్లూ రాయించుకున్నారు.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో అంబాజీపేట దగ్గర కొబ్బరికాయల లారీలు అడ్డంపడి బస్సు చాలాసేపు కదల్లేదు. వెనక సీట్లో ఇద్దరు వాదులాడుకుంటున్నారు, చెట్టుకు ఏడాదికి ఎన్ని కాయలు, ఎన్నేళ్లు లెక్కవేయాలి, కాయకు ఏ ధర కట్టాలి అని. ఒకాయన కిటికీ తలుపు జరిపి, లారీ పక్కన నిలబడ్డ దళారిని ఆ రోజు కాయ ధర ఎంతో అడుగుతున్నారు.