పదో మనిషి లెక్కలోకి: సినగాగ్‌లో చేరడం, నా అనుభవం

సినగాగ్‌కి, అంటే యూదుల ప్రార్థనాలయానికి, రావాలనుకునే తెలుగువాళ్ళు ముందుగా అడిగేది "ఏ పండక్కి వెళ్తే బాగుంటుంది?" అని. పండక్కి వెళ్ళొద్దంటాను. రోష్ హషానా (యూదుల కొత్త సంవత్సరం), యోమ్ కిప్పూర్ (ప్రాయశ్చిత్త దినం) రోజుల్లో హాలు కిటకిటలాడుతుంది. సీటుకి ముందే టికెట్టు తీసుకోవాలి, ఆ రోజుల ప్రార్థన పుస్తకమే వేరు, కొత్తవాళ్ళని పలకరించే తీరిక ఎవరికీ ఉండదు. మామూలు శనివారం ఉదయం వెళ్ళండి. న్యూజెర్సీలో కన్సర్వేటివ్ అనే మధ్యేమార్గపు శాఖ సినగాగ్‌లో నా మొదటి శనివారం నుంచి, మతం తీసుకుంటూ మిక్వే అనే శుద్ధి నీటి గుంటలో మునక దాకా రెండేళ్ళు పట్టింది. ఆ దారిలో పనికొచ్చినవి, అడ్డుపడినవి రాస్తున్నాను.

ముందు ఆఫీసుకి ఫోన్ చెయ్యాలి. 2018 అక్టోబర్ 27న పిట్స్‌బర్గ్‌లో శనివారం ప్రార్థనకి వచ్చిన 11 మందిని కాల్చి చంపాక చాలా సినగాగ్‌లలో తలుపు తాళం వేసే ఉంటుంది. గుమ్మంలో మనిషి ఉంటాడు, సంచి చూస్తాడు. రెండు మూడు రోజుల ముందే మీ పేరు, ఎందుకు వస్తున్నారో చెబితే ఆ ప్రశ్నలు తగ్గుతాయి. శుక్రవారం సాయంత్రం రాసిన ఈమెయిల్‌కి ఆదివారం దాకా జవాబు రాదు. శుక్రవారం పొద్దు గూకడంతో మొదలైన షబ్బాత్ అనే విశ్రాంతి దినం శనివారం రాత్రి చుక్కలు పొడిచాకే ముగుస్తుంది.

ఫోన్ కారులో వదిలెయ్యండి. నోటు పుస్తకం కూడా తేవద్దు, రాయడం షబ్బాత్‌నాడు నిషేధం. గుమ్మం దగ్గర బుట్టలో కిప్పాలనే చిన్న టోపీలుంటాయి, మగవాళ్ళు ఒకటి తీసుకుని తలమీద పెట్టుకోవాలి. పక్కన కడ్డీకి వేలాడే తల్లిత్ మాత్రం తీసుకోకూడదు. నాలుగు మూలలా కుచ్చులున్న ఆ ఉత్తరీయం యూదులే కప్పుకుంటారు. సిద్దూర్ అనే ప్రార్థన పుస్తకం మనకి వెనక అట్టలా కనిపించే వైపు నుంచి తెరుచుకుంటుంది. అందరూ లేస్తే లేవండి, కూర్చుంటే కూర్చోండి. అమిదా అనే మౌన ప్రార్థన దగ్గర జాగ్రత్త: మూడడుగులు వెనక్కి, మూడడుగులు ముందుకి వేసి, పాదాలు జోడించి కదలకుండా నిలబడతారు. ఆ సమయంలో ఎవరి ముందు నుంచీ నడవకూడదు, పలకరించకూడదు.

భాష దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. తెలుగు వచ్చినవాళ్ళకి నిజానికి ఇదే సులువు. హీబ్రూ అక్షరాలు 22, అన్నీ హల్లులే. అచ్చులు మన గుణింతంలాగే అక్షరానికి తగులుకుని వస్తాయి. కింద గీత ఉంటే 'అ', కింద ఒక చుక్క 'ఇ', మూడు చుక్కలు 'ఎ'. బేత్ కడుపులో చుక్క ఉంటే 'బ', లేకపోతే 'వ'. ఇంగ్లీషువాళ్ళు తడబడే త్సాదీ మన 'చాప', 'చలి'లో పలికే చకారానికి బాగా దగ్గర. కష్టపెట్టేది హేత్ ఒక్కటే. అది మన 'హ' కాదు, 'ఖ' కాదు, గొంతు గీరుకుంటూ రావాలి. రోజుకి ఇరవై నిమిషాలు బిగ్గరగా చదివితే మూడు నాలుగు నెలల్లో సిద్దూర్ మీద వేలు పెట్టి అనుసరించగలరు. ఇంగ్లీషు లిపిలో రాసిన పాఠం మీద ఆధారపడితే ఏళ్ళు గడిచినా అక్షరం అంటదు.

సమాజంలో కలవడమంటే లెక్కలోకి రావడమే. పదమూడు నిండిన పదిమంది యూదులు ఉంటేనే మిన్యన్, అంటే సామూహిక ప్రార్థనకి కావలసిన సంఖ్య. కన్సర్వేటివ్, రిఫార్మ్ (సంస్కరణ) శాఖల్లో ఆడవాళ్ళనీ లెక్కిస్తారు, కట్టుదిట్టమైన ఆర్థడాక్స్ శాఖలో మగవాళ్ళనే. తొమ్మిదిమందే వస్తే ఎవరి ప్రార్థన వాళ్ళు చేసుకోవచ్చు, పోయినవాళ్ళ కోసం చెప్పే కదిష్ ప్రార్థన మాత్రం చెప్పకూడదు, తోరా (మోషే ధర్మశాస్త్రం) చుట్ట తీసి చదవకూడదు. తల్లి పోయినవాళ్ళు, తండ్రి పోయినవాళ్ళు పదకొండు నెలలు కదిష్ చెప్పాలి. అందుకోసం మంచులో కారు నడుపుకుంటూ పొద్దున్న ఏడింటికల్లా వచ్చిన మనిషి, పదోవాడు రాక, చెప్పకుండానే ఆఫీసుకి వెళ్ళిపోతాడు. ఆ ముఖం ఒక్కసారి చూసినవాళ్ళు మర్నాడు తప్పకుండా వస్తారు. మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టరు కూడా. 28వ కీర్తన తొమ్మిదో వచనంలో హీబ్రూలో సరిగ్గా పది మాటలున్నాయి: 'హోషియా'తో మొదలై 'హాఓలామ్'తో ముగుస్తుంది. ఒక్కొక్కరి మీద ఒక్కో మాట చెబుతూ వస్తారు. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు 'ఒకటి' బదులు 'లాభం' అనే ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు.

మతం తీసుకోని వాళ్ళని ఆ పదిలో కలపరు. దానికి నొచ్చుకోవద్దు, చెయ్యగలిగిన పని చాలా ఉంది. ప్రార్థన తర్వాత కిద్దుష్ భోజనానికి బల్లలు వెయ్యడం, పుస్తకాలు సర్దడం, పెద్దవాళ్ళని కారులో తీసుకురాగలమని ముందే చెప్పి ఉంచడం. ఆ బల్ల దగ్గరే పరిచయాలవుతాయి. "ఇండియాలో యూదులున్నారా?" అని తప్పక అడుగుతారు. 1568లో కట్టిన కొచ్చి పరదేశి సినగాగ్ గురించీ, ముంబై బెనె ఇజ్రాయెల్ యూదుల గురించీ చాలామంది విని ఉంటారు. గుంటూరు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడుతూ షబ్బాత్ పాటించే బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలున్నాయని మనమే చెప్పాలి.

ఇంట్లో వండినది పట్టుకెళ్ళకండి. పులిహోరలో మాంసం లేదు, పాలు లేవు, అయినా వండిన గిన్నె కోషెర్ (యూదుల ఆహార నియమాలకి తగినది) కాకపోతే పులిహోరా కోషెర్ కాదు. అదే పులిహోర గురువారం సినగాగ్ వంటింట్లో, వాళ్ళ గిన్నెల్లో, వాళ్ళు ఒప్పుకున్న దినుసులతో కలిపితే అందరూ మారు వడ్డించుకుంటారు. నెయ్యి పోపు వేస్తే అది పాల వంట కిందికి వస్తుంది, మాంసంతో పెట్టరు. పస్కా పండక్కి అసలు చిక్కు ఇంగువ. డబ్బాలో వచ్చే ఇంగువలో గోధుమపిండో మైదానో కలుస్తుంది, ఆ ఎనిమిది రోజులూ అది ఇంట్లోనే ఉండకూడదు. సాంబారు పొడీ అంతే. బియ్యం, పప్పులు పస్కాలో అష్కెనాజీ (మధ్య, తూర్పు యూరప్ మూలాల యూదుల) ఇళ్ళలో ఆనవాయితీగా తినరు. కన్సర్వేటివ్ న్యాయసంఘం 2015లో అనుమతించినా చాలా ఇళ్ళు పాత పద్ధతే పాటిస్తున్నాయి. పిలిచినవాళ్ళనే అడగండి.

చందా ఏడాదికోసారి. చాలాచోట్ల ఆదాయాన్నిబట్టి తగ్గిస్తారు, అడగడానికి మొహమాటపడొద్దు. విడిగా ఇచ్చే కానుక మనం నూటపదహార్లు ఇచ్చినట్టు వాళ్ళు 18, 36, 180 అని ఇస్తారు. హీబ్రూ అక్షరాలకి అంకెల విలువలుంటాయి, 'జీవం' అనే మాట అక్షరాలు కలిపితే 18. షబ్బాత్‌నాడు మాత్రం డబ్బు తియ్యకూడదు.

ఎవరైనా పోతే ఆ ఇంట్లో ఏడు రోజులు షివా అనే సంతాపం. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి కూర్చోవడమే. దుఃఖంలో ఉన్నవాళ్ళు మాట్లాడేదాకా మనం మాట్లాడకూడదు. చావింటి నుంచి 'వెళ్ళొస్తాం' అనకుండా లేచొచ్చే మనకి ఆ మౌనం బరువు తెలుసు.

మతం తీసుకోవాలనుకుంటే రబ్బీతో (సినగాగ్ మతగురువుతో) ముందే తేల్చుకోవాల్సింది దేవుడి గూడు సంగతి. విగ్రహపూజ వదిలెయ్యాలి, నివేదించిన ప్రసాదం తినకూడదు. అయితే అమ్మానాన్నల్ని గౌరవించడం పది ఆజ్ఞల్లో ఒకటి. వ్రతానికి పిలిస్తే ఎంతవరకు ఉండాలి, ఏం తినాలి అన్నవి అక్కడికి వెళ్ళాక కాదు, నెల ముందే అడగాలి, ఇంట్లోనూ చెప్పాలి. చివర్లో చెప్పి అమ్మని ఏడిపించడం అన్యాయం. సుమారు ఏడాది చదువు తర్వాత ముగ్గురు కూర్చునే బేత్ దీన్ అనే మత న్యాయసభ, ఆపైన మిక్వే. మగవాళ్ళకి సున్తీ తప్పదు, ముందే అయినవాళ్ళకి ఒక్క చుక్క రక్తం తీస్తారు. మిక్వేకి గోళ్ళరంగు, ఉంగరం, మొలతాడు ఏవీ ఉండకూడదు. నీరు తగలని చోటు ఒంటిమీద మిగలకూడదని. మెట్టెలు, ముక్కుపుడక తేలిగ్గా రావు, ముందురోజే తీయించుకోవాలి. ఆర్థడాక్స్ వాళ్ళు ఈ మార్పిడిని ఒప్పుకోరని తెలిసే దిగాలి.

తర్వాత మొదటి అలియా (తోరా చదివేటప్పుడు వేదిక దగ్గరికి వచ్చే పిలుపు) శనివారం కాకుండా సోమవారమో గురువారమో అడగండి. ఆ రెండు రోజులూ ముగ్గుర్నే పిలుస్తారు, చదివే భాగం చిన్నది. మీ హీబ్రూ పేరు చివర 'అబ్రాహాము, శారాల బిడ్డ' అని కలిపి కాగితం మీద రాసి ఈ పిలుపులు చూసుకునే గబ్బాయ్‌కి ముందురోజే ఇచ్చెయ్యండి. వేదిక దగ్గర మీ నోటితో చెబితే తెలుగు పలుకుబడికి అలవాటు లేని చెవి పేరు తప్పుగా వింటుంది, అదే గట్టిగా పిలుస్తారు.